డైవ్ చేసిన రోజు కొండెక్కొద్దు

ప్రశ్న: అక్కా, మాది కర్నూలు, ఉండేది బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో. నాకు 31, మా ఆయనకి 35, ఇద్దరం ఐటీలోనే. పెళ్లయి నాలుగేళ్లయినా మేమిద్దరమే కలిసి వెళ్లిన ట్రిప్ ఒక్కటీ లేదు, ఈసారి బాలి వెళ్లాలని గట్టిగా అనుకున్నాం. స్కూబా డైవింగ్ నా చిన్నప్పటి కోరిక, అదీ అగ్నిపర్వతం ఒడ్డున. ట్రావెల్ ఏజెంటు ఐదు రోజుల ప్లాన్ పంపాడు. మూడో రోజు నుసా పెనీడా దీవిలో మాంటా చేపలతో స్నార్కెలింగ్ (నీళ్ల మీదే తేలుతూ గొట్టంతో ఊపిరి పీలుస్తూ కిందికి చూడటం), నాలుగో రోజు పొద్దున తులాంబెన్‌లో రెండు డైవ్‌లు, మధ్యాహ్నం కింటామణిలో లంచ్, అదే అర్ధరాత్రి మౌంట్ బటూర్ అనే అగ్నిపర్వతం ట్రెక్, ఐదో రోజు రాత్రి ఫ్లైట్. మా ఆయనకి ఈత రాదు. చిన్నప్పటి నుంచి ఆస్తమా, ఇప్పటికీ చలికాలంలో ఇన్‌హేలర్ వాడతారు. "డైవ్ షాపు హెల్త్ ఫారంలో అవన్నీ రాయకు, రాస్తే నీళ్లలోకి దిగనివ్వరు" అంటున్నారు. మా అత్తగారేమో అగ్నిపర్వతం పక్కకి పోవడమేంటని రోజూ ఫోన్లో టెన్షన్ పడుతున్నారు. ఉగాదికి వెళ్లడం మంచిదా, దసరాకా? ఈ ప్లాన్ ఓకేనా?

జవాబు: చెల్లీ, ప్లాన్ ఓకే కాదు. ట్రిప్ మానేయమని కాదు నేననేది, తప్పకుండా వెళ్లండి, కానీ ఆ నాలుగో రోజు ఉన్నది ఉన్నట్టుగా మాత్రం వద్దు. మీ ఏజెంటు ఒక లెక్క సరిగ్గానే వేశాడు, డైవ్‌కీ ఫ్లైట్‌కీ మధ్య ఒక రోజుకి పైగా గ్యాప్ పెట్టాడు. డైవ్ చేశాక వెంటనే విమానం ఎక్కకూడదన్న విషయం వాడికి తెలుసన్నమాట. ఆ గ్యాప్‌లో మిమ్మల్ని తీసుకెళ్లి కొండ మీద పెడుతున్నానన్నది మాత్రం తట్టలేదు. కింటామణి సుమారు 1,500 మీటర్ల ఎత్తు, బటూర్ శిఖరం 1,717 మీటర్లు. విమానం లోపల క్యాబిన్‌లో ఉండే గాలి పీడనం మామూలుగా 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తులో ఉండేంత ఉంటుంది. అంటే ఒంటి గంటకి నీళ్లలోంచి బయటికొచ్చి మూడు గంటలకి కింటామణిలో భోజనానికి కూర్చోవడం దాదాపు విమానంలో కూర్చోవడమే. కిటికీలోంచి అగ్నిపర్వతం బాగా కనిపిస్తుంది, ఒప్పుకుంటాను, కానీ ఆ లంచ్‌ని ఇంకో రోజు పెట్టుకోవచ్చు.

ఎందుకిలా అన్నది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే కారణం తెలిస్తే అక్కడ డ్రైవర్ "పర్లేదు మేడమ్, అందరూ వెళ్తారు" అన్నా నువ్వు గట్టిగా నిలబడగలవు. నీళ్లలో ప్రతి 10 మీటర్ల లోతుకీ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. 10 మీటర్ల దగ్గర నువ్వు పీల్చే గాలి ఒడ్డు మీద గాలికి రెండింతల ఒత్తిడిలో ఉంటుంది. సిలిండర్‌లో ఉండేది మామూలు గాలే, అందులో ఐదింట నాలుగు వంతులు నైట్రోజన్, ఆ నైట్రోజన్ లోతుకి వెళ్లేకొద్దీ రక్తంలోకీ కండరాల్లోకీ కొవ్వులోకీ కరుగుతూ పోతుంది. మెల్లగా పైకి వస్తే ఊపిరితో పాటు మెల్లగా బయటికి పోతుంది, కానీ అంతా పోవడానికి గంటలు పడుతుంది. ఇంకా మిగిలి ఉండగానే పీడనం మరింత తగ్గే చోటికి వెళ్తే గోలీ సోడా కొట్టినప్పుడు వచ్చినట్టు లోపల బుడగలు వస్తాయి. వీటితో కీళ్లలో నొప్పి, చర్మం మీద మచ్చలు, చేతులు కాళ్లు తిమ్మిర్లు, అకారణంగా విపరీతమైన అలసట, తల తిరగడం ఇవన్నీ రావచ్చు, ఇంకా పెద్ద ప్రమాదం నరాలకీ వెన్నుపాముకీ. దీన్నే డికంప్రెషన్ సిక్‌నెస్ అంటారు. లక్షణాలు చాలాసార్లు కొన్ని గంటలు ఆగి బయటపడతాయి కాబట్టి "రాత్రంతా కారులో కూర్చున్నాం కదా, అందుకే మోకాలు లాగుతోంది" అని సర్దిచెప్పుకుంటారు. సర్దిచెప్పుకోవద్దు, వెంటనే డైవ్ షాపుకి ఫోన్ చేసి ఆక్సిజన్ పెట్టించుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అని డైవింగ్ భద్రత చూసే సంస్థ ఉంది, డైవర్లు డాన్ అంటారు, వాళ్ల సూచన ప్రకారం ఒకే ఒక్క డైవ్ చేస్తే విమానం ఎక్కే ముందు కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువ చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. కనీసం అన్న మాట గుర్తుంచుకో, చాలామంది హాయిగా 24 పెట్టుకుంటారు. ఇది విమానానికే కాదు, 600 మీటర్లు దాటిన ఏ ఎత్తుకైనా అలాగే చూసుకోవడం మంచిది.

ఈ 600 మీటర్ల సంగతి బెంగళూరు వాళ్లు ఇంకో కారణానికి కూడా గుర్తుపెట్టుకోవాలి. మనం ఉండేదే 900 మీటర్ల పైన. వీకెండ్‌కి మురుడేశ్వర్ వెళ్లి నేత్రాణి దీవి దగ్గర ఆదివారం మధ్యాహ్నం దాకా డైవ్ చేసి, సోమవారం ఆఫీసు ఉందని సాయంత్రమే బస్సెక్కి ఘాట్ ఎక్కేవాళ్లు ఎంతమందో. విమానం కాదు కదా అని వాళ్ల ధీమా. డైవ్‌లు శనివారం ముగించి ఆదివారం బయల్దేరితే ఈ గొడవే ఉండదు. చెన్నై వాళ్లకి ఈ తలనొప్పి లేదు, పుదుచ్చేరిలోనో కోవళంలోనో డైవ్ చేసి ఈసీఆర్ రోడ్డు మీద ఇంటికి రావడమంటే సముద్రమట్టం మీద నడిపించుకు రావడమే.

కాబట్టి నీ ప్లాన్‌ని తిరగేయి. కొండ ముందు, నీళ్లు తర్వాత. దిగిన మర్నాడు ఉబుద్‌లో ఉండి, ఆ రాత్రి రెండింటికి లేచి బటూర్ ఎక్కి సూర్యోదయం చూడండి, కింటామణి లంచ్ కూడా ఆ రోజే కానివ్వండి. కొండ ఎక్కి తర్వాత డైవ్ చేస్తే పీడనం లెక్క ఏ ఇబ్బందీ పెట్టదు, కానీ రాత్రి నిద్ర లేకుండా నీళ్లలోకి దిగకూడదు, అందుకని ఆ మధ్యాహ్నం తులాంబెన్‌కి దిగిపోయి అక్కడే పడుకోండి. తర్వాత రెండు రోజులు పొద్దున పూట డైవ్‌లు. ఆ తర్వాత ఒక రోజు పూర్తిగా ఒడ్డు మీద, దక్షిణం వైపు ఉలువాటులో రామాయణం కథతో ఆడే కెచక్ నాట్యం చూసుకోండి, అది సముద్రం పక్క కొండ కొమ్మే, ఎత్తు తక్కువ. మర్నాడు ఫ్లైట్. ఐదు రోజుల్లో ఇదంతా పట్టదు, ఏడు కావాలి. సెలవు దొరక్కపోతే బటూర్ వదిలేయి, డైవింగ్ నీ చిన్నప్పటి కోరిక అన్నావు కదా, కొండ కోసం దాన్ని కుదించుకోవద్దు.

నుసా పెనీడా కూడా తీసేయమనే అంటాను. మాంటాలు నిజంగానే వస్తాయి అక్కడ, జులై నుంచి అక్టోబరు దాకా మోలా మోలా అనే పెద్ద సూర్యచేప కూడా కనిపిస్తుంది, కానీ ఆ దీవి చుట్టూ ప్రవాహాలు చాలా బలంగా ఉంటాయి, నీళ్లు ఉన్నట్టుండి చల్లబడతాయి. ఈత రాని మనిషి మొదటిసారి సముద్రంలో దిగాల్సిన చోటు కాదది. పైగా పెనీడా సున్నపురాతి దీవి, అగ్నిపర్వతం ఒడ్డున డైవింగ్ అంటే ఏమిటో చూడాలంటే తులాంబెన్, దానికి దగ్గర్లోని ఆమెద్ వైపే చూడాలి.

తులాంబెన్ గురించి నాలుగు మాటలు ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఏజెంట్లు దాన్ని రెండు గంటల పనిలా చూపిస్తారు, అక్కడ కనీసం రెండు రాత్రులు ఉండాలని నా పట్టు. అది అగుంగ్ పర్వతం పాదం దగ్గరున్న చిన్న ఊరు. బీచ్‌లో తెల్ల ఇసుక ఉండదు, నల్లటి గుండ్రాళ్లు, నల్లటి ఇసుక, అన్నీ ఆ కొండ కక్కిన లావా నుంచి వచ్చినవే. ఒడ్డు నుంచి పాతిక ముప్ఫై మీటర్లు వెళ్తే చాలు, లిబర్టీ అనే ఓడ పడుకుని ఉంటుంది. అమెరికా సైన్యానికి సరుకు మోసిన ఓడ. 1942 జనవరి 11న పక్క దీవి లొంబాక్ దగ్గర జపాన్ సబ్‌మెరైన్ టార్పిడో కొట్టింది, లాక్కెళ్లి కాపాడదామని చూస్తే నీళ్లు నిండిపోతుండడంతో తులాంబెన్ ఒడ్డుకి ఎక్కించి వదిలేశారు. ఇరవై ఏళ్లకి పైగా అలా ఒడ్డు మీదే ఉండిపోయింది. 1963లో అగుంగ్ పేలింది, వెయ్యి మందికి పైగా చనిపోయిన భయంకరమైన పేలుడు అది, అప్పుడు వచ్చిన కదలికలకి ఓడ జారి సముద్రంలోకి వెళ్లింది. ఇప్పుడు దాని పైభాగం సుమారు 5 మీటర్ల లోతులో, అడుగు 30 మీటర్ల దగ్గర. మొదటిసారి దిగేవాళ్లని, అదే డిస్కవర్ స్కూబా అంటారు, 12 మీటర్ల కంటే లోతుకి తీసుకెళ్లకూడదు, అయినా ఆ ఓడ మీద పెరిగిన పగడాలూ చేపలూ ఆ లోతులోనే కావాల్సినన్ని కనిపిస్తాయి. దక్షిణం నుంచి వచ్చే టూరిస్టు బండ్లు తొమ్మిదిన్నర పది నుంచి మొదలవుతాయి, ఊళ్లోనే పడుకున్నవాళ్లు ఆరున్నరకే దిగొచ్చు. ఆ వేళకి నుదురు బుగ్గలా ఉబ్బి ఉండే పెద్ద పారట్‌ఫిష్ మంద ఓడ దగ్గర తిరుగుతూ ఉంటుంది, దీనికోసమైనా అక్కడ పడుకోవాలి. సిలిండర్లు మోసేది ఆ ఊరి ఆడవాళ్లే, ఆ గుండ్రాళ్ల మీద తల మీద పెట్టుకుని నడుస్తారు. వాళ్లని దాటి నువ్వు పరిగెత్తకు, ఆ రాళ్లు కాలి కింద దొర్లుతాయి, గట్టి అడుగున్న బూటీలు షాపులో అడిగి తీసుకో.

ఇప్పుడు మీ ఆయన ఫారం సంగతి. ఈ ఒక్క విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. అబద్ధం రాయనివ్వొద్దు. ఆ ఫారం డైవ్ షాపు తన తలనొప్పి తగ్గించుకోవడానికి పెట్టిందని మీ ఆయన అనుకుంటున్నారు, అందులో గత 12 నెలల్లో ఆస్తమా, పిల్లికూతలు ఉన్నాయా అని విడిగా అడగడానికి కారణం ఉంది. 10 మీటర్ల లోతులో ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. అందుకే డైవింగ్‌లో మొదటి రూలు ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదని. ఆస్తమా ఉన్నవాళ్లు తాము బిగబట్టకపోయినా లోపల ఏదో ఒక సన్నటి గాలిగొట్టం బిగుసుకుంటే దాని వెనక గాలి చిక్కుకుంటుంది, పైకి వస్తుంటే అది ఉబ్బి ఊపిరితిత్తిని చీల్చొచ్చు, బుడగ రక్తంలోకి పోయి మెదడు దాకా వెళ్లొచ్చు. దీనికి లోతు కూడా ఎక్కువ అక్కర్లేదు, కొద్ది మీటర్లు చాలు. సిలిండర్ గాలి పొడిగా చల్లగా ఉంటుంది, భయంతో ఊపిరి వేగం పెరుగుతుంది, ఈ రెండూ ఆస్తమాని రేపేవే.

అయితే ఆస్తమా అనగానే తలుపు మూసుకుపోదు. బెంగళూరులో మంచి పల్మనాలజిస్టులకి కొదవ లేదు, ఇప్పుడే వెళ్లి "నేను స్కూబా చేయాలనుకుంటున్నాను" అని స్పష్టంగా చెప్పి, పీఎఫ్‌టీ, అంటే ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష, చేయించుకోమను. ఫారంతో పాటు డాక్టర్ కోసం ఒక పేజీ ఉంటుంది, దాన్ని డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసి తీసుకెళ్లండి, చూసి సంతకం పెట్టేది వాళ్లే. కంట్రోల్‌లో ఉన్నవాళ్లకి కొందరికి అనుమతి వస్తుంది. చలిగాలికో, పరిగెత్తితేనో, టెన్షన్‌కో ఆయాసం వచ్చే రకమైతే సాధారణంగా వద్దంటారు, మీ ఆయనకి చలికాలంలోనే వస్తుందన్నావు కాబట్టి ఆ జవాబుకి కూడా మనసు సిద్ధం చేసుకోండి. దాచిపెడితే ఇంకో నష్టం కూడా ఉంది. ఏదైనా జరిగి క్లెయిమ్ పెడితే ముందే ఉన్న జబ్బు దాచారని ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బు ఇవ్వకపోవచ్చు.

డాక్టర్ వద్దంటే ఆయన ఒడ్డున కూర్చుని ఫోన్ చూసుకోనక్కర్లేదు. ఆమెద్‌లో జెమెలుక్ బే ఉంది, ఒడ్డు నుంచే లైఫ్ జాకెట్ వేసుకుని స్నార్కెలింగ్ చేస్తే పగడాలు కిందే కనిపిస్తాయి, గైడ్‌ని పెట్టుకోవచ్చు. ఆయన చేయలేదని నువ్వు మానేయకు, నువ్వు చేస్తున్నావని ఆయనా మొండికేయకూడదు. ఇది బయల్దేరే ముందే, ఇంట్లో, తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోండి, బీచ్‌లో వెట్‌సూట్ వేసుకుని నిలబడ్డాక కాదు.

ఈత గురించి. డిస్కవర్ స్కూబాకి ఈత రావాలన్న నిబంధన లేదు, కానీ ముక్కు మూసుకుపోయి నోటితో ఊపిరి పీలుస్తూ మాస్క్‌లోకి నీళ్లు వస్తే కంగారు పడకుండా ఉండటం చాలా ముఖ్యం, అది నీళ్లంటే అలవాటు ఉన్నవాళ్లకే సాధ్యం. ఇప్పటి నుంచి వారానికి రెండు రోజులైనా ఇద్దరూ పూల్‌కి వెళ్లండి. మీ అపార్ట్‌మెంట్ పూల్ నాలుగడుగులే అయినా మొదలుపెట్టడానికి చాలు. నీకు టైమ్ ఉంటే నా సలహా ఇంకొకటి, నువ్వు ఏకంగా ఓపెన్ వాటర్ కోర్సే చెయ్యి. థియరీ, పూల్ క్లాసులు బెంగళూరులోనే పూర్తిచేసి, సముద్రంలో చేయాల్సిన నాలుగు డైవ్‌లు తులాంబెన్‌లో చేయొచ్చు. దీన్ని రిఫరల్ అంటారు, ప్యాడీ అనే డైవింగ్ శిక్షణ సంస్థలో అయితే ఆ కాగితం 12 నెలలు చెల్లుతుంది. దానికి మాత్రం 200 మీటర్లు ఈదాలి, ఈతకి టైమ్ లిమిట్ లేదు, పది నిమిషాలు నీళ్ల మీద తేలాలి. కోర్సు చేసి వెళ్తే సెలవు రోజులు క్లాసుకి పోవు, 18 మీటర్ల దాకా లిబర్టీ చూడొచ్చు.

చెవుల నొప్పి చాలామంది మొదటి డైవ్‌ని పాడుచేస్తుంది. ముక్కు పట్టుకుని మెల్లగా ఊది చెవులు సర్దుకోవాలి, నొప్పి వచ్చాక కాదు, రాకముందే, ప్రతి మీటరుకీ. జలుబు ఉంటే దిగొద్దు, మందు వేసుకుని అసలే దిగొద్దు, మధ్యలో మందు ప్రభావం తగ్గిందంటే సైనస్‌లో గాలి ఇరుక్కుంటుంది. నల్లపూసలు, గొలుసులు, జుమ్కీలు హోటల్ లాకర్‌లో పెట్టేయి, పరికరాలకి చిక్కుకుంటాయి. కళ్లద్దాలుంటే పవర్ ఉన్న మాస్క్ ముందే అడుగు. ఇంకొకటి, అడిగావని కాదు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నట్టయితే వెళ్లే ముందు టెస్ట్ చేసుకో. గర్భం ఉంటే డైవింగ్ చేయకూడదు, అదీ ఆ ఫారంలో ఉంటుంది.

ఉగాదా దసరానా అంటే దసరానే. బాలిలో వానాకాలం డిసెంబరు నుంచి మార్చి దాకా గట్టిగా ఉంటుంది, వాగుల నీళ్లు కలిసి సముద్రం మసకబారుతుంది. పైగా బాలి వాళ్లకీ శక సంవత్సరమే, వాళ్ల కొత్త సంవత్సరం న్యెపి చాలా ఏళ్లు మన ఉగాదికి అటూఇటూగా వస్తుంది, 2023లో రెండూ మార్చి 22నే పడ్డాయి. న్యెపి మౌన దినం. 24 గంటలు విమానాశ్రయం మూసేస్తారు, వీధిలోకి రానివ్వరు, బీచ్‌లు మూత, రాత్రి దీపాలు కూడా వెలిగించరు. ఆ పండుగ కోసమే వెళ్లేవాళ్లకి అది గొప్ప అనుభవం, మీలా రోజులు లెక్కపెట్టుకుని వెళ్లేవాళ్లకి ఒక రోజు పోయినట్టే. సెప్టెంబరు, అక్టోబరుల్లో వాతావరణం పొడిగా, నీళ్లు శుభ్రంగా ఉంటాయి.

మీ అత్తగారి భయాన్ని కొట్టిపారేయకు, ఆమె అంటున్నది పూర్తిగా ఊరికే కాదు. అగుంగ్ 2017 నుంచి 2019 వరకు మళ్లీ రగిలింది. కానీ ఇండోనేషియా ప్రభుత్వ అగ్నిపర్వత విభాగం ప్రతి కొండకీ 1 నుంచి 4 వరకు హెచ్చరిక స్థాయి పెడుతుంది, 1 అంటే మామూలు స్థితి. బయల్దేరే వారం ముందు అది ఆమెకే చూపించు, స్థాయి పెరిగి ఉంటే వాయిదా వేస్తామని మాటివ్వు, ఆ మాట మీద ఉండు కూడా. నిజానికి మీకు తగిలే అవకాశం ఎక్కువున్నది లావా కాదు, బూడిద. 2017 నవంబరులో అగుంగ్ బూడిదకి బాలి విమానాశ్రయం రెండు రోజులకి పైగా మూతబడింది. 2024 నవంబరులో దూరంగా ఫ్లోరెస్ దీవిలో లెవొటోబి పేలితే బాలి నుంచి వెళ్లే వచ్చే విమానాలు బోలెడు రద్దయ్యాయి. ఆఫీసుకి తిరిగి వెళ్లే రోజు తర్వాత ఇంకో రెండు రోజులు ముఖ్యమైన పనేదీ పెట్టుకోకు. ఇన్సూరెన్స్ టికెట్ కొన్న రోజే కొను, కొండ పేలిందన్న వార్త వచ్చాక కొంటే ఆ నష్టం కవర్ కాదు. మామూలు ట్రావెల్ పాలసీల్లో స్కూబా చాలాసార్లు ఉండదు, అడ్వెంచర్ స్పోర్ట్స్ కవర్ ఉందా, ఎంత లోతు దాకా, హైపర్‌బారిక్ ఛాంబర్ (డికంప్రెషన్ సిక్‌నెస్ వస్తే ఎక్కువ పీడనంలో ఆక్సిజన్ ఇచ్చే గది) ఖర్చు ఇస్తారా అని రాతపూర్వకంగా అడుగు. ఆ ఛాంబర్ ఉన్న పెద్ద ప్రభుత్వాసుపత్రి బాలి రాజధాని డెన్‌పసార్‌లో ఉంది, తులాంబెన్ నుంచి రెండున్నర గంటల పైనే పడుతుంది.

మన అండమాన్‌లోనే బ్యారెన్ ఐలాండ్ ఉంది కదా, అంత దూరం ఎందుకని ఎవరైనా అంటారేమో, అది దేశంలో ఉన్న ఒకే ఒక్క చురుకైన అగ్నిపర్వతం, ఒడ్డు మీదికి దిగనివ్వరు, అక్కడి డైవింగ్ అనుభవం ఉన్నవాళ్లకి. కొత్తవాళ్లకి అక్కడి హావ్‌లాక్ దీవి (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) మంచిదే, కాకపోతే అది అగ్నిపర్వతం కాదు.

ఇవాళే ఏజెంటుకి వాట్సాప్‌లో మూడు విషయాలు పంపు. బటూర్, కింటామణి రెండూ డైవ్‌లకి ముందు రోజుకి మార్చాలి. తులాంబెన్‌లో రెండు రాత్రులు హోటల్ కావాలి. డైవ్ షాపు పేరు, వాళ్ల దగ్గర ఎమర్జెన్సీ ఆక్సిజన్ ఉందా, మీ ఇద్దరికే విడిగా ఒక ఇన్‌స్ట్రక్టర్‌ని ఇస్తారా అన్నది చెప్పాలి. వీటికి సరైన జవాబు ఇవ్వకపోతే డైవింగ్ భాగం ప్యాకేజీలోంచి తీయించి, షాపుతో నువ్వే నేరుగా మాట్లాడుకో. అడ్వాన్స్ మాత్రం మీ ఆయన పీఎఫ్‌టీ రిపోర్టు వచ్చాకే కట్టు.